భృంగి మూడవ కాలు



మీలో హిందూపురము వారందరును చిన్ననాటి నుండి లేపాక్షికి పోయి వచ్చుచున్నవారే. పెనుకొండ సీమలో విజయనగర ప్రభువుల కొలువున నుండిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు 16వ శతాబ్దమున కట్టించిన వీరభద్రాలయమది. అచ్చటి నాట్యమండపములో మూడు కాళ్ల మూర్తి యొకటి గలదు. పిల్లలు చూచి నవ్వుదురు. ఆయన భృంగి మహర్షి. దేహమును గూర్చి ఈ సాయంత్రము నేను చెప్పదలచిన దానికి ఆయనయే ఆధారము.

కథ మీరెరిగినదే. శివునకే ప్రదక్షిణము చేయుదును, అమ్మవారికి చేయనన్నాడు భృంగి. అమ్మ ఆగ్రహించి, ‘తల్లి వలన వచ్చిన భాగమును విడిచిపెట్టు’ మన్నది. రక్తమాంసములు పోయి ఎముకల గూడు మిగిలినది. నిలువలేక కూలబోవుచున్న భక్తునకు స్వామి జాలితో మూడవ కాలిచ్చెను.

ఈ కథలోని విభజన వైద్యశాస్త్రములోను ఉన్నది. సుశ్రుత సంహిత శారీరస్థానములో ఎముక, గోరు, పన్ను, వెండ్రుక, స్నాయువు మొదలైన గట్టి భాగములు పితృజములనియు, రక్తము, మాంసము, మేదస్సు, మజ్జ, హృదయము, కాలేయము మొదలైన మెత్తని భాగములు మాతృజములనియు చెప్పబడినది. ఇచ్చట ఒక్క క్షణమాగుడు. ఎముక తండ్రిదట, ఆ ఎముక లోపలి మజ్జ తల్లిదట! భృంగి మొండిపట్టు పట్టి దాచుకొన్న ఎముకలోనే అమ్మ కూర్చున్నది.

మనవారు రస, రక్త, మాంస, మేదో, అస్థి, మజ్జా, శుక్రములని ఏడు ధాతువులు చెప్పి, ఒకదాని నుండి మరొకటి పోషింపబడునన్నారు. నేటి శాస్త్రము దేహమును నాలుగు కణజాలములుగా విభజించును. పైన చర్మమునకు, లోన అవయవములకు పొరగా నుండునది ఉపకళా కణజాలము. కదలించునది కండర కణజాలము. వార్త మోయునది నాడీ కణజాలము. తక్కిన వాటిని పట్టి నిలుపునది సంయోజక కణజాలము. ఎముకయు, కొవ్వును, ప్రవహించు రక్తమును గూడ ఈ నాలుగవ దానిలోనివే యనిన మీకు వింతగా నుండును. రెంటను కణములు ఒక పదార్థమున పొదగబడియుండును. ఆ పదార్థము ఎముకలో సున్నముతో గట్టిపడినది, రక్తములో ద్రవముగా నున్నది. ఏడు ధాతువులు, ఈ నాలుగు జాలములు ఒకటే యని నేననను. అట్లు అతికించి చెప్పువారున్నారు. అది శాస్త్రమునకు సేవ కాదు.

ధర్మవరము నుండి వచ్చిన నేత సోదరులకు ఒక మాట. కణజాలమునకు ఆంగ్లేయులు వాడు ‘టిష్యూ’ యను పదము ఫ్రెంచి నుండి వచ్చినది. దానికి నేసిన వస్త్రమని అర్థము. 1801లో బిషా యను ఫ్రెంచి వైద్యుడు సూక్ష్మదర్శిని లేకుండనే 21 విధముల కణజాలములను వేరుచేసి చెప్పినాడు. బృహదారణ్యకములో గార్గి యాజ్ఞవల్క్యుని అడిగిన ప్రశ్నలోను పడుగు పేకల మాటయే యున్నది. మీ మగ్గము మీది పట్టుచీర నుండి పడుగంతయు లాగివేసిన పేక నిలుచునా?

దేహములోను అంతే. పెద్దవారిలో రక్తకణములు పుట్టునది ఎముకల లోపలి ఎర్రమజ్జలో. రొమ్ముటెముక, వెన్నుపూసలు, పక్కటెముకలు, తుంటి ఎముకలు వాటికి పుట్టిండ్లు. ఎర్రకణము సుమారు 120 దినములు జీవించును. ఇటు ఎముక గూడ రక్తముచేతనే బ్రతుకును. ఇక బీజకణములు తప్ప, కేంద్రకమున్న ప్రతి దేహకణములోను తండ్రి నుండి 23, తల్లి నుండి 23 క్రోమోజోములు ఉండును. ఇది తండ్రిది, అది తల్లిదని విడదీయుటకు చోటు లేదు. సుశ్రుతుని విభాగము ఇచ్చట నిలువదు. ప్రవహించు నీటిలో శవమును ఏడు రాత్రులుంచి, పొర పొరగా చూచి తెలిసికొమ్మని విధించినదియు ఆ గ్రంథమే. చూచి తెలిసిన దానిని ఒప్పుకొనుటకు మనకు సంకోచమెందుకు?

ఒక సంగతి చెప్పి ముగింతును. చెప్పుటకు సిగ్గుగానే యున్నది. ఇరువది యేండ్ల క్రిందట మా తమ్ముని కోడలికి ప్రసవ సమయమున విపరీతముగా రక్తస్రావమైనది. వెంటనే రక్తమెక్కించవలెనన్నారు. ఇంటికి పెద్దవాడినని నన్నడిగిరి. ‘ఎవరిదో రక్తమా? మన వంశములో వారిని పిలిపించుడు’ అన్నాను. వచ్చిన వారిలో ఒక్కరిదియు సరిపడలేదు. ఆ విధముగా గంటకు పైగా గడచినది. నా తమ్ముడు ఏనాడును నాకెదురు చెప్పనివాడు, ‘అన్నా, నీవు కొంచెము బయట కూర్చో’ అన్నాడు. ధర్మవరపు నేతగాండ్రిద్దరు, వేరొక రోగి కొరకు వచ్చినవారు, చొక్కా చేతులు మడచుకొని లోనికి పోయినారు. వారి కులము నేనడుగలేదు, అడుగుటకు ముఖము లేదు. తల్లియు బిడ్డయు దక్కిరి.

మన దేశములో 18 నుండి 65 యేండ్ల లోపు ఆరోగ్యవంతులు, తగిన బరువున్నవారు రక్తమీయవచ్చును. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి. నా వయస్సు దాటినది. నేను తెలిసికొనునాటికే దాటినది. ఆనాటి బిడ్డ మాత్రము మొన్న ఇచ్చి వచ్చి, మోచేతి మడతలో దూదిని అదుముకొనుచు, ‘తాతయ్యా, కాఫీ ఇస్తారా?’ అని నా ప్రక్కన కూర్చున్నది.

స్వస్తి.