స్నానానికి మెత్తని నూలుగుడ్డ చాలు
(వార్డు ఆరోగ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను మాట్లాడబోయే వస్తువు చాలా చిన్నది. అది మన స్నానాలగదిలో మేకుకు వేలాడే పీచు. దానికొక ప్రసంగం కావాలా అని మీకు అనిపించవచ్చు. ఒకప్పుడు నాకూ అలాగే అనిపించేది.

నా చిన్న కుమార్తెకు ఏడేళ్ళ వయస్సులో మోచేతి మడతల్లోను, మోకాళ్ళ వెనుకను చర్మం నల్లబడి గరుకు కట్టింది. బడిలో పిల్లలు పక్కన కూర్చోవడం మానివేశారు. ఒక పెళ్ళిలో దగ్గరి బంధువొకరు, "పిల్లకు ఒళ్ళు రుద్ది నీళ్ళు పోయవా?" అని నలుగురి ముందు అడిగారు. ఆ మాట నన్ను కుదిపివేసింది. మరునాటి నుంచి కొబ్బరి పీచు తీసుకొని ఆ మడతలను తోమసాగాను. ఎర్రబడిన కొద్దీ మురికి పోతున్నదనుకున్నాను. పిల్ల ఏడిస్తే కోప్పడ్డాను. పది రోజులకు ఆ మడతల నుంచి రసి కారడం మొదలైంది. వైద్యురాలు చూసి, "ఇది మురికి కాదమ్మా, ఎగ్జిమా. ముందు రుద్దడం మానండి" అన్నారు. మందు కంటె ముందు ఆమె ఇచ్చిన చికిత్స అదే. అందుకే నేడు మీ ముందు నిలుచున్నాను.

చర్మం ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. మన చర్మపు పైపొర ఇటుకల గోడ వంటిది. ఎండిన కణాలు ఇటుకలైతే, వాటి నడుమ ఉండే కొవ్వు పదార్థం సున్నం. శరీరంలో చాలా భాగాల్లో ఆ గోడ మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు మాత్రమే. లోపలి తేమను బయటికి పోనివ్వనిదీ, బయటి క్రిములను లోపలికి రానివ్వనిదీ ఆ గోడే. అది సుమారు నెలకొకసారి తనంతట తానే కొత్తదవుతుంది. పాత పొరను మనం గీకి తీయవలసిన పని లేదు. సున్నితమైన చర్మంలో ఈ సున్నం ముందే తక్కువ. గరుకు పీచు, వేడి నీళ్ళు, ఘాటైన సబ్బు మూడూ కలిస్తే గోడ బీటలు వారుతుంది. బోరునీటిలో ఉప్పు ఎక్కువైతే సబ్బు నురగ రాదు. నురగ రాలేదని మనం మరింత రుద్దుతాము. కష్టమంతా చర్మానిది.

ఇక సాధనాల సంగతి చూద్దాం. అన్నిటికంటె మెత్తనిది మన అరచేయి. పసిపిల్లలకు, ఎగ్జిమా ఉన్నవారికి, చర్మం పలుచబడిన వృద్ధులకు అది చాలును.

రెండవది నేతిబీర పీచు. మనం పీచంటాము, పక్కింటివారు నారు అంటారు. ఇది ఆరోగ్యమైన చర్మం గలవారికి, అదీ మోచేతులకూ మడమలకూ, వారానికొకసారి పనికివస్తుంది. వెన్నుకూ ముఖానికీ రోజూ వాడేది కాదు. కొబ్బరి పీచు గిన్నెలకు మంచిది, ఒంటికి కాదు. అంగడిలో రంగురంగులుగా దొరికే ప్లాస్టిక్ వలబంతి మీద "అతి మృదువు" అని రాసి ఉంటుంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో, ఆ మాటలో నిజమూ అంతే కావచ్చు. కొనే ముందు పరీక్ష మన చేతిలోనే ఉంది. ముంజేతి లోపలి వైపున నాలుగుసార్లు మెల్లగా రాసి చూడండి. గీత పడినా, మంట పుట్టినా అది మీకు తగదు. మడమలకు వాడే గరుకురాయిని మధుమేహం ఉన్నవారు ముట్టకపోవడం మేలు. స్పర్శ తగ్గిన పాదానికి గాయమైనా తెలియదు.

సున్నిపిండి మన సంప్రదాయం, మంచిదే. అయితే పెసరపిండి రవ్వగా ఉంటే అదీ గీరుతుంది. వస్త్రగాళితం పట్టిన మెత్తని పిండినే వాడాలి. పుండు మీద, పగుళ్ళ మీద ఏ పిండీ పెట్టకూడదు.

మెత్తదనం సగం మాట. తక్కిన సగం ఆరడం. 1993లో అమెరికాలోని వైద్య పరిశోధకులు నేతిబీర పీచును పరీక్షించి ఒక వ్యాసం ప్రచురించారు. రోగి ఒంటిపై వచ్చిన చీము పొక్కులకు కారణమైన సూడోమోనాస్ అనే క్రిమి, ఆ రోగి వాడిన పీచులోనే దొరికింది. పీచు సందుల్లో మన ఒంటి నుంచి రాలిన పొట్టు చిక్కుకుంటుంది. తడి ఉన్నంతసేపూ అదే క్రిములకు ఆహారం. చీకటి స్నానాలగదిలో, బకెట్టు అంచున, మూసిన డబ్బాలో ఉంచిన పీచు శుభ్రం చేసే సాధనం కాదు, క్రిములను పెంచే పాదు.

అందువల్ల త్వరగా ఆరేదే మంచి సాధనం. దాన్ని వెతుక్కుంటూ మనం దూరం పోనక్కరలేదు. మన ఊరి పక్కనే ఉన్న చత్రపట్టి మగ్గాల మీద గాయాలకు కట్టే గాజుగుడ్డ నేస్తారు. పలుచని నూలు, వదులైన నేత. నీరు పీలుస్తుంది, ఎండలో చూస్తుండగానే ఆరిపోతుంది, పుండును గీరదు. పుండుకే పనికివచ్చే గుడ్డ ఒంటికి పనికిరాదా? తెల్లగా శుద్ధి చేసిన గుడ్డను జానెడు చదరాన నాలుగు మడతలు వేసి అంచులు కుట్టండి. మొదట ఉడుకునీళ్ళలో వేసి ఉతికి గంజి ఉంటే పోగొట్టండి. మా అమ్మాయికి ఆ తరువాత నేను వాడినది ఇదే. అది దొరకకపోతే పాత నూలుచీర ముక్కయినా సరే.

వాడే విధానం నాలుగు మాటల్లో చెబుతాను. ఇంట్లో ఎవరి గుడ్డ వారిది. తామర, పులిపిర్లు ఒకరి నుంచి ఒకరికి పోయే దారుల్లో ఉమ్మడి తువ్వాలు, ఉమ్మడి పీచు కూడా ఉన్నాయి. వాడగానే పిండి ఎండ తగిలే చోట ఆరవేయాలి. వారానికొకసారి మరిగే నీళ్ళలో వేసి తీయాలి. నేతిబీర పీచైతే మూడు నాలుగు వారాలకు మార్చాలి, వాసన వస్తే ఆనాడే పారవేయాలి. స్నానం గోరువెచ్చని నీటితో త్వరగా ముగించి, తువ్వాలుతో ఒత్తి తుడుచుకొని, తడి పూర్తిగా ఆరకముందే వైద్యులు చెప్పిన లేపనం రాసుకోవాలి. కొళాయి నీరు రోజూ రాని వీధులవారికి ఇందులో మరొక లాభం ఉంది. గుడ్డతో స్నానానికి నీరు తక్కువ పడుతుంది.

పాడైన నేతిబీర పీచు, నూలుగుడ్డ మట్టిలో కలుస్తాయి. ప్లాస్టిక్ వలబంతి కలవదు. దాన్ని పొడి చెత్తలో విడిగా ఇవ్వండి. కాలువలో పడితే అది వీధి నీటికే అడ్డం.

చివరగా ఒక మనవి. కొన్ని గుర్తులు ఏ పీచుకూ లొంగవు. రాత్రిపూట ఇంటిల్లిపాదికీ దురద పెట్టడం, నీటిపొక్కులు రావడం, పుండు మానకపోవడం, గిల్లినా తెలియని పాలిపోయిన మచ్చ కనబడడం. ఇవి కనబడితే రుద్దకండి, దాచకండి, ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. స్పర్శ లేని మచ్చ కుష్ఠు కావచ్చు. దానికి పూర్తిగా నయం చేసే మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది. ఆలస్యమే అంగవైకల్యానికి దారి.

మన పెద్దలు వందల ఏళ్ళ క్రితం ఈ నేలకు వచ్చి ఇంట తెలుగును, వీధిలో తమిళాన్ని నిలుపుకున్నారు. ఆ రెండు భాషల్లోనూ "మురికి" అన్న మాటను మనుషుల మీద ఎంతో తేలికగా వేస్తాము. ఈసారి ఎవరి పిల్ల ఒంటిపైనైనా నల్లని మచ్చ చూసినప్పుడు, ఆ తల్లిని "రుద్దవా?" అని అడగకండి. "వైద్యునికి చూపించావా అమ్మా?" అని అడగండి. నాకు ఆ రోజు పెళ్ళిలో కావలసిన మాట అదే.