శిక్ష వల్ల నిజాయితీ వస్తుందా?

(పెనుబల్లి వార్షిక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మేము బడిపంతుళ్ళం గనుక పరీక్షల నకలుతోనే మొదలుపెడతాము. దీన్ని ఆపడానికి ఉమ్మడి రాష్ట్రంలో 1997లో 25వ నెంబరు చట్టం వచ్చింది. నేరం రుజువైతే 3 నుండి 7 ఏండ్ల జైలు, 5 వేల నుండి లక్ష రూపాయల దాకా జుర్మానా. అంత కఠినమైన చట్టం ఉండగానే 2023లో తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు బయటికి పొక్కినాయి. గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయి, రెండు లక్షల మందికి పైగా పిల్లల కష్టం నీళ్ళపాలైంది. దొరకనులే అనుకున్నవాడికి ఏడేండ్లయినా ఒకటే, ఏడు దినాలైనా ఒకటే. శిక్ష క్రూరంగా ఉండటం కాదు, తప్పక పడటమే నేరాన్ని ఆపుతుందని ఇటలీ దేశపు బెకారియా 1764లోనే వ్రాశాడు.

ఇది ఒక్క మనిషి సంగతి. మరి గుంపు సంగతి యేమిటి? ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి సామాజిక తనిఖీలు జరిగినాయి. కూలీల ఇండ్లకు పోయి అడిగి, మండలంలో అందరి ముందు లెక్క చదివేవారు. ఎనిమిది జిల్లాల్లోని 300 పంచాయతీల తనిఖీ రిపోర్టులను ఫర్జానా అఫ్రీదీ, వేగార్డ్ ఐవర్సన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు పరిశీలించి 2014లో ప్రచురించారు. కూలి డబ్బుల్లో ఒక్కో అక్రమానికి పోయే సొమ్ము కొంత తగ్గింది. కాని పట్టుకోవడం కష్టమైన సామాను లెక్కల్లో అక్రమాలు పెరిగినాయి. తప్పు బయటపడినా శిక్ష పడినవారు బహు కొద్దిమంది. అంటే దొంగతనం పోలేదు, దారి మార్చుకున్నది. గుంపులో సొమ్మును పంచుకున్నట్టే భయాన్ని కూడా పంచుకుంటారు. "అందరూ చేసేదే గదా" అన్నాక ఇక సిగ్గు యెక్కడిది?

ఇప్పుడు మన ఇంటి మాట. తప్పుడు ఆదాయపత్రం పెట్టి స్కాలర్‌షిప్పు తీసుకున్నవాడు మన చుట్టమైతే "పోనీలే, మనవాడే" అంటాము. ఆ డబ్బు రావలసిన బేవా బిడ్డ కూడా మనదే గదా! ఆ పిల్ల బడి మానేస్తే జవాబుదారీ యెవరిది?

అందుకని మేము మనవి చేసేది ఇంతే. కాయిదా ముందే చెప్పాలి. గొప్పింటికైనా పేదింటికైనా ఒకటే ఉండాలి. శిక్ష చిన్నదే కానీయండి, తప్పకూడదు. తీసుకున్న సొమ్ము తిరిగి కట్టినవాణ్ణి మళ్ళీ పక్కన కూర్చోబెట్టుకోవాలి, ఆ మాట ఇక ఎత్తకూడదు. బడిలో పిల్లలకూ ఇదే వర్తిస్తుంది: కొట్టిన దెబ్బలు మరచిపోతారు గాని, పంతులు మనిషిని బట్టి న్యాయం మార్చితే మరచిపోరు.

ఈ పద్ధతిని సొసైటీ పద్దులతోనే మొదలుపెడదాం. ఏటేటా జమాఖర్చు అందరి ముందు చదువుదాం, అడిగినవాళ్ళకు రసీదు చూపుదాం. సెలవు.