ఏది నమ్మాలి, ఎప్పుడు నమ్మాలి?

(మన సంఘం మాసిక సమావేశంలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు "ఏదైనా ఆధ్యాత్మిక విషయం మీద నాలుగు మాటలు చెప్పండి సార్" అన్నారు. నేను సైన్సు మాస్టరును. ఆధ్యాత్మికం నా చేత కాదు గాని, ప్రమాణం గురించి చెబుతానన్నాను. అనగా, ఒక మాటను నమ్మే హక్కు మనకు ఎప్పుడు వస్తుంది అన్న సంగతి.

ఈ మాట పెన్షనర్లకు కొత్తది కాదు. ఏటేటా మనం బ్రతికే ఉన్నామని రుజువు చూపిస్తున్నాం. వేలిముద్రతో ఆ రుజువు తీసుకొనేందుకు 2014లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పద్ధతికి పేరే "జీవన్ ప్రమాణ్". మనిషి ఎదుట నిలబడి ఉండగా ఇంకా రుజువేమిటని మనం విసుక్కుంటాం. కాని కౌంటరు అవతల కూర్చున్న గుమాస్తా అడిగే ప్రశ్న రెండు వేల ఏండ్ల నాటిది. "నీవు చెప్పేది సరే, ప్రమాణం ఏమిటి?"

ముందుగా నా తప్పు ఒకటి మీ ఎదుట చెప్పుకుంటాను. 1974 ప్రాంతంలో నేను మునుగోడు వైపు ఒక ఊరి బడిలో పని చేసేవాణ్ణి. ఆరవ తరగతిలో ఒక పిల్లవాడు, చదువులో చురుకైనవాడు. పండ్ల మీద గోధుమరంగు చారలు, గారలు. పరిశుభ్రత పాఠం చెబుతూ వాణ్ణి లేపి నిలబెట్టి, "రోజూ పండ్లు తోముకుంటున్నావురా?" అని అడిగాను. "తోముకుంటున్న సార్, వేపపుల్లతోని" అన్నాడు. అబద్ధమాడుతున్నాడని చేతి మీద బెత్తంతో రెండు దెబ్బలు వేశాను. తరగతి అంతా నవ్వింది. ఆనాటి నుండి వాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాడు.

నేను కళ్ళారా చూసినదాన్నే నమ్మాను. మరి తప్పెక్కడ జరిగింది? ఇది తెలుసుకోవడానికి పెద్దల దగ్గరకు పోదాం.

మన నైయాయికులు జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్పారు. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. అనుమానమంటే ఇక్కడ సందేహం కాదు, పొగను చూసి నిప్పు ఉందని గ్రహించడం. శబ్దమంటే నమ్మదగినవాడి మాట, ఆప్తవాక్యం. దీని మీద గట్టి దెబ్బ కొట్టినవాడు ఆచార్య నాగార్జునుడు. మన నల్లగొండ సరిహద్దున, సాగర్ నీళ్ళ నడుమనున్న నాగార్జునకొండకు సంప్రదాయం ఆయన పేరునే ముడిపెట్టింది. ఆయన "విగ్రహవ్యావర్తని" సంస్కృత మూలం చాలాకాలం మనకు దొరకలేదు. 1936లో రాహుల్ సాంకృత్యాయన్ గారు టిబెట్టులోని ఒక మఠంలో దాని ప్రతిని కనుగొన్నారు. అందులో ఆయన అడిగినదాని సారాంశం ఇది. అన్నిటికీ ప్రమాణమే ఆధారమంటే, ఆ ప్రమాణానికి ఆధారమేమిటి? ఇంకొక ప్రమాణమంటే, దానికి మరొకటి కావాలి. ఈ గొలుసుకు అంతు లేదు. ఆధారమే అక్కరలేదంటే, మీ మాట మీరే తప్పినట్టు. ఇంచుమించు ఆ కాలపు గ్రీకు సంశయవాదుల దగ్గర కూడా ఇదే చిక్కుముడి కనిపిస్తుంది.

న్యాయసూత్రాలలో దీనికి తగిన జవాబు ఉంది. అది మన మార్కెట్ యార్డులో కందులు, పల్లీలు తూచినవారికి వెంటనే తెలుస్తుంది. కాటా మీద సరుకు తూస్తున్నప్పుడు గుండు ప్రమాణం. ఆ గుండు మీదనే అనుమానం వస్తే, దాన్నే మరొక గుండుతో తూచి చూడవచ్చు. అప్పుడు అదే పరీక్షకు నిలబడే వస్తువు. అన్ని గుండ్లనూ ఒకేసారి అనుమానిస్తే ఊళ్ళో బేరమే సాగదు. ఏ గుండునూ ఎన్నడూ అనుమానించకపోతే రైతు మునుగుతాడు. అందుచేత, అనుమానానికి కారణమున్నచోట ఆగి పరీక్షించాలి.

ఏ మేరకు పరీక్షించాలి? క్రీస్తు పూర్వం రెండవ శతాబ్దపు గ్రీకు పండితుడు కార్నియాడీస్ దీనికి మెట్లు చెప్పాడు. చీకటి గదిలో చుట్టలా ఏదో పడి ఉంది. పాములాగున్నది. కదలడం లేదు, తాడు కావచ్చు. కాని చలికాలంలో పాము కూడా కదలకుండా పడి ఉంటుంది. కర్రతో పొడిచి చూస్తాడు. అప్పటికీ కదలకపోతే తాడని నమ్ముతాడు. మన రజ్జుసర్ప న్యాయం అటువైపు కూడా ఉందని తెలిసి నాకు ముచ్చట వేసింది. చిన్న విషయానికి చూపు చాలును. ప్రాణం మీది విషయానికి కర్ర కావాలి.

ఇక ఆధునికుల సంగతి. 1958లో స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్త్వవేత్త, వాదాన్ని గణితంలాగ గాక కోర్టు వ్యాజ్యంలాగ చూడమన్నాడు. నిర్ణయం ఒకటి, దానికి చూపే ఆధారం ఒకటి, ఆ ఆధారం నుండి నిర్ణయానికి మనల్ని దాటించే సూత్రం ఒకటి. ఆ సూత్రం చెల్లని సందర్భాలు కూడా చెప్పుకోవాలి, "ఫలానా కారణం లేకపోతేనే సుమా" అని.

ఇప్పుడు నా బెత్తాన్ని ఈ లెక్కలో పెట్టి చూడండి. నిర్ణయం, పిల్లవాడు పండ్లు తోముకోవడం లేదు. ఆధారం, పండ్ల మీద గారలున్నాయి. ఆ ఆధారం నిజమే. దాటించిన సూత్రమే తప్పు: "గార అనేది తోముకోకపోతేనే వస్తుంది" అన్నది. దాన్ని నేను ఎన్నడూ తూచి చూడలేదు. ఆ తరగతిలోనే పక్క ఊరి నుండి, చెరువు నీళ్ళు తాగే ఊరి నుండి, నడిచి వచ్చే పిల్లలున్నారు. వాళ్ళూ వేపపుల్లతోనే తోముకునేవారు. వాళ్ళ పండ్లు తెల్లగా ఉండేవి. ఒకటి ఉన్నచోట రెండవది ఉన్నదా, లేనిచోట లేకుండా పోయిందా అని చూడడాన్ని అన్వయ వ్యతిరేకాలు అన్నారు పెద్దలు. అది చూడవలసిన నేను బెత్తం అందుకున్నాను.

తరువాత కొన్నేండ్లకు నీళ్ళు పరీక్షించేవారు వచ్చి బావి నీళ్ళు సీసాలలో పట్టుకుపోయారు. ఫ్లోరైడు. మన దేశంలో ఈ వ్యాధిని 1937లోనే, నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదంటారు. అది నాలుకకు తెలియదు, కంటికి కనబడదు, కాచినా పోదు. చిన్నతనంలో పళ్ళు చిగుళ్ళ లోపల తయారయ్యేటప్పుడే మచ్చ పడుతుంది. పైకి వచ్చాక ఎంత తోమినా పోదు. ముదిరితే ఎముకలు పట్టేసి నడుం వంగిపోతుంది. మా ఊరివారు ఏరి కోరి తాగింది ఆ బావి నీళ్ళే, తియ్యగా ఉన్నాయని! నాలుక అనే ప్రత్యక్ష ప్రమాణం అక్కడ మోసం చేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతిని నాగపూరు సంస్థ నీరి 1970లలో రూపొందించింది. దానికి ప్రపంచమంతటా "నల్గొండ టెక్నిక్" అనే పేరు. మన జిల్లాకు దక్కిన ఆ కీర్తి వెనుక ఎందరి వంగిన నడుములున్నాయో మీకు తెలుసు. 2016లో మిషన్ భగీరథ మొదలై, నల్లాలలో కృష్ణ నీళ్ళు రావడానికి ఎంత కాలం పట్టిందో కూడా తెలుసు.

పాలమూరు వైపు పని చేసినప్పుడు ఇంకొకటి చూశాను. అరచేతిలో కొబ్బరికాయ నిలబడ్డచోట బోరు వేస్తే నీళ్ళు పడతాయని నమ్మకం. మా బావమరిది అట్లా మూడు వేశాడు. ఒకటి పడింది, రెండు ఎండినవి. ఊరంతా ఆ పడ్డ బోరు సంగతే చెప్పుకుంది. అప్పు తెచ్చి వేసిన రెండింటి లెక్క ఎవరూ రాసిపెట్టలేదు. నమ్మకం నిలబడేది చాలాసార్లు ఇట్లా, ఎండిన బోర్లను లెక్కలో వేయక.

చివరగా ఆప్తవాక్యం. మన వయసులో మనకు ఎక్కువ ప్రమాదం ఇక్కడే. ఆప్తుడంటే స్వయంగా తెలిసినవాడు, తెలిసినది తెలిసినట్టు చెప్పాలనే కోరిక ఉన్నవాడు అన్నాడు వాత్స్యాయనుడు. ఋషులకైనా, ఆర్యులకైనా, మ్లేచ్ఛులకైనా ఈ లక్షణం ఒకటేనన్నాడు. కులం, హోదా ఇందులోకి రావు. కెనడా దేశపు డగ్లస్ వాల్టన్ ఈ కాలంలో దీన్నే ప్రశ్నలుగా విడగొట్టాడు. చెప్పినవాడు ఆ విషయంలోనే నిపుణుడా? నిజంగా ఆయనే ఆ మాట అన్నాడా? తక్కిన నిపుణులు ఒప్పుకుంటారా? ఆయనకు ఇందులో లాభమేమైనా ఉన్నదా?

డి.ఏ. మంజూరైందని సెల్‌ఫోనులో వార్త వస్తే మనలో ఒక్కరూ ఊరికే నమ్మరు. "జి.ఓ. నంబరెంత, తేదీ ఎంత?" అంటారు. భేష్! కాని "బీపీ మాత్రలు మానేసి ఈ కషాయం తాగండి" అని అదే ఫోనులో వస్తే జి.ఓ. నంబరు అడగం. అధిక వడ్డీ ఇస్తారని ఒక పరిచయస్తుడు చెబితే గ్రాట్యుటీ సొమ్ము పెట్టి పోగొట్టుకున్నవారు ఈ హాలులోనే ఉన్నారు. చెప్పినవాడు మంచివాడే. కాని మంచితనం వేరు, వడ్డీ వ్యాపారం తెలియడం వేరు. పిల్లలు వద్దంటే "మాకు తెలియదా" అంటాం. మనమూ తూకానికి నిలబడవలసిన గుండ్లమేనని మరవకూడదు.

అన్నింటినీ అనుమానించమని నేను చెప్పడం లేదు. అట్లా అయితే కోడలు ఇచ్చిన చాయ కూడా తాగలేం. నమ్మి నష్టపోతే తిరిగి రానిది ఏదో దాని దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగమంటున్నాను. ఆ ఒక్క నిమిషం 1974లో నేను ఆగలేదు.

మొన్నామధ్య ఒక పెళ్ళిలో ఆ పిల్లవాడు కనిపించాడు. పిల్లవాడేమిటి, అరవై దాటాయి. కాళ్ళకు దండం పెట్టబోతుంటే ఆపి, "నాయనా, ఆనాడు నిన్ను అన్యాయంగా కొట్టాను" అన్నాను. "మీరొక్కరేనా సార్, మా నాయన గూడ గట్లనే అన్నడు" అని నవ్వాడు. నవ్వేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పోయింది.