ఉద్యోగం మానేశాం, మరి లాగిన్ మానేసిందా?

పాస్‌వర్డ్ గట్టిగా పెట్టుకోండి అని ఈ రోజు చెప్పను. అది వినీ వినీ మీకు విసుగొచ్చి ఉంటుంది. పని అయిపోయాక మన లాగిన్ ఏమవుతుంది? ఈ ఎపిసోడ్‌లో అదే మాట్లాడుకుందాం.

ముందు అమెరికాలో జరిగిన ఒక సంగతి చెప్తా. అక్కడ కొలోనియల్ పైప్‌లైన్ అని ఒక కంపెనీ ఉంది. తూర్పు తీరంలో వాడే పెట్రోలు, డీజిల్, విమాన ఇంధనంలో దాదాపు 45 శాతం దాని గొట్టాల్లోంచే వెళ్తుంది. 2021 మే 7న ఆ కంపెనీ కంప్యూటర్ మీద డబ్బులు కట్టమని ఒక మెసేజ్ వచ్చింది. రాన్సమ్‌వేర్ అన్నమాట. అది పైప్‌లైన్‌ని నడిపే సిస్టమ్స్‌కి కూడా పాకుతుందేమోనని భయపడి, కంపెనీయే మొత్తం ఆపేసింది. మే 12 దాకా మళ్ళీ మొదలవలేదు. బంకుల దగ్గర బారులు, "నో స్టాక్" బోర్డులు. దొంగలకి 75 బిట్‌కాయిన్లు, అంటే అప్పటి రేటులో సుమారు 44 లక్షల డాలర్లు కట్టారు. అందులో చాలా భాగం తర్వాత అక్కడి ప్రభుత్వం వెనక్కి పట్టుకుంది, అది వేరే కథ.

ఇంతకీ దొంగలు ఎలా దూరారు? బయట నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే ఒక పాత వీపీఎన్ అకౌంట్ ద్వారా. దాన్ని ఎవరూ వాడట్లేదు. కానీ ఎవరూ మూయలేదు కూడా. పాస్‌వర్డ్ తప్ప ఓటీపీ లాంటి రెండో అడ్డు లేదు. ఆ పాస్‌వర్డ్ ఈజీది కాదు, కష్టమైనదే అని కంపెనీ సీఈవో సెనెట్ కమిటీ ముందు చెప్పాడు. అయినా ఏం లాభం?

అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్తే మనం ముందు తాళం చెవి అడుగుతాం కదా. ఇదీ అంతే. కరెంటు ప్లాంటైనా, ఆసుపత్రైనా, మంచినీళ్ళ సరఫరా అయినా, మూడు ప్రశ్నలకి జవాబుండాలి. లోపలికొచ్చేది ఎవరు? ఎక్కడి దాకా రావచ్చు? ఎప్పటి దాకా? మొదటి రెండూ అందరూ అడుగుతారు. మూడోదే మర్చిపోతారు.

ఇది నాకూ జరిగింది. ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద ఆరు నెలలు నెట్‌వర్క్ పని చేశాను. మానేసిన ఎనిమిది నెలలకి ల్యాప్‌టాప్ క్లీన్ చేస్తుంటే పాత వీపీఎన్ యాప్ కనబడింది. పని చేయదులే అనుకుని కనెక్ట్ నొక్కా. కనెక్ట్ అయిపోయింది! నొక్కడం నా తప్పే, ఒప్పుకుంటా. వెంటనే మూసేసి పాత సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశా. "ఇంకా తియ్యలేదా తమ్ముడూ?" అన్నాడు, నేనేదో తియ్యాల్సినట్టు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ ఎనిమిది నెలల్లో నా పాస్‌వర్డ్ ఎవరికైనా దొరికి, లోపల మెషిన్ ఆపేసి ఉంటే? లాగ్‌లో పడేది నా పేరే. పోలీసులు ముందు వచ్చేది మా ఇంటికే.

అందుకే ఫ్రెండ్స్, కాంట్రాక్టు అయినా, ఇంటర్న్‌షిప్ అయినా, మానేసే రోజు రిలీవింగ్ లెటర్‌తో పాటు ఇంకోటి అడగండి. "నా అకౌంట్లన్నీ క్లోజ్ చేశాం" అని ఒక మెయిల్. పనిలో ఉన్నప్పుడు మీ లాగిన్ పక్క సీటు వాళ్ళకి ఇవ్వకండి, ఎంత క్లోజ్ ఫ్రెండైనా సరే. ఆఫీసు పాస్‌వర్డ్ ఇంకెక్కడా వాడకండి.

ఇప్పుడే ఒక చిన్న పని చేయండి. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి. మీది కానిది కనబడితే అక్కడే రిపోర్ట్ చేయొచ్చు. గూగుల్ అకౌంట్‌లో మీ డివైజ్‌ల లిస్ట్ తెరిచి, అమ్మేసిన పాత ఫోన్ ఇంకా ఉంటే సైన్ అవుట్ కొట్టండి.

మీకూ ఇలా తెరిచి ఉన్న పాత లాగిన్ ఏదైనా గుర్తొచ్చిందా? అయితే నాలాగా నొక్కి చూడకండి. ఫోన్ చేసి మూయించేయండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.