ఆ అంకెల పైన ఒక్క లైన్ రాసుంటే

ఈరోజు కాన్ఫిగ్ ఫైల్‌లో రాసే కామెంట్ గురించి మాట్లాడుకుందాం. ఫోన్‌లో సెట్టింగ్స్ ఉంటాయి కదా, సర్వర్‌కి అవే ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంటాయి అనుకోండి. చాలా ఫైళ్లలో హ్యాష్ గుర్తుతో మొదలయ్యే లైన్‌ని కంప్యూటర్ పట్టించుకోదు. అది మనుషుల కోసం.

నేను తిరుపతిలో ఒక చిన్న ఆఫీసులో చేరిన కొత్త. చిత్తూరు వైపు పల్లెల్లో పాల సెంటర్లకి మా సాఫ్ట్‌వేర్. రైతు పాలు పోస్తాడు, లీటర్లు, ఫ్యాట్ ఎంటర్ చేస్తారు, స్లిప్పు వస్తుంది. సర్వర్‌లో రోజూ బ్యాకప్ తీసే క్రాన్ లైన్ ఒకటి ఉండేది. దాని మొదట్లో ఇలా ఉంది:

30 18 * * *

ముందు నిమిషం, తర్వాత గంట. అంటే 18:30, సాయంత్రం ఆరున్నర! పాలు పోసే టైమ్‌లో బ్యాకప్ ఏంది, ఎవరు పెట్టినారో గానీ బుద్ధి లేదు అనుకున్నా. రెండు అంకెల్నీ సున్నాలు చేసి అర్ధరాత్రికి మార్చేసినా. నాకు నేనే శభాష్ చెప్పుకున్నా కూడా.

ఆ సర్వర్ గడియారం యూటీసీలో నడుస్తోంది. మన టైమ్ దానికంటే ఐదున్నర గంటలు ముందు. పాత 18:30 అంటే మనకి సరిగ్గా రాత్రి 12. నేను పెట్టిన సున్నా గంటలు అంటే పొద్దున 5:30. సెంటర్ల ముందు క్యూ కట్టే టైమ్ అది. మా బ్యాకప్ టేబుల్స్‌ని లాక్ చేసి తీసే రకం, అది అయ్యేదాకా ఒక్క ఎంట్రీ పడదు. పొద్దున్నే ఫోన్ల మీద ఫోన్లు. "స్లిప్పు రావడంలేదు సార్, పాలు పట్టుకోమంటారా, వెనక్కి పంపమంటారా?" పాలు మనకోసం ఆగవు కదా. నోటు పుస్తకంలో రాసుకోమన్నాం. కొన్ని లెక్కలు తేలక వారం రోజులు మాటలు పడినాం.

నాకంటే ముందు ఆ పని చూసిన అన్న అప్పటికే బెంగళూరు వెళ్లిపోయినాడు. ఫోన్ చేస్తే, "అది మన రాత్రి పన్నెండు రా! నాకు గుర్తుంటుందిలే అని రాయలేదు" అన్నాడు.

గుర్తుండేది ఆయనకి. తిరుమలలో దొరికిన అన్నమయ్య రాగిరేకులు చూడండి. కీర్తన పైన రాగం పేరు ఉంది, పాడే బాణీకి స్వరాలు లేవు. అప్పటి పాడేవాళ్లకి తెలుసు కాబోలు. 20వ శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఎన్నో కీర్తనలకి కొత్తగా స్వరాలు కట్టాల్సి వచ్చింది.

అయితే "రోజూ 18:30కి బ్యాకప్" అని రాసున్నా నేను ఆ తప్పే చేసేవాణ్ణి. అది అంకెల్లోనే ఉంది కదా! నేను రాసింది ఇది:

# సర్వర్ టైమ్ యూటీసీ. ఇది మన రాత్రి 12. పొద్దున 5కి పాల సెంటర్లు తెరుస్తారు, ఆలోపే అయిపోవాల.

జేసన్ ఫైల్‌లో కామెంట్ రాసే వీలే లేదు. అప్పుడు పక్కనే రీడ్‌మీ ఫైల్ పెట్టుకోండి.

రెండేళ్ల తర్వాత సర్వర్‌ని మన టైమ్‌కే మార్చినాం. అంకెలు సున్నాలు చేసినా, కామెంట్ మాత్రం మర్చిపోయినా. కొత్తగా చేరిన పాప ఒకమ్మాయి మొదటి వారంలోనే స్క్రీన్ చూపించి అడిగింది. "అన్నా, కామెంట్ యూటీసీ అంటాంది, లైన్ చూస్తే సున్నా ఉంది. ఏది నమ్మాల?"

నేను నోరు మూసుకొని ఆ కామెంట్ తిరగరాసినా. ఈసారి ఎప్పుడు, ఎందుకు మార్చామో కూడా పెట్టినా. ఆ అమ్మాయే పక్కన కూర్చొని చదివి, "ఇప్పుడు అర్థమైతాంది" అనింది.