రెనీరా వర్సెస్ ఏగాన్: డ్రాగన్ల యుద్ధానికి అసలు కారణం ఎవరు?

పోయిన ఎపిసోడ్ కింద ఒకటే గొడవ. సగం మంది టీమ్ బ్లాక్, సగం మంది టీమ్ గ్రీన్. "అలిసెంట్ వల్లే యుద్ధం వచ్చింది" అని ఒకరు, "డేమన్ లేకపోతే ఏమీ అయ్యేది కాదు" అని ఇంకొకరు. నేను ఇవాళ మూడో పేరు చెప్తాను. షోలో మనందరం జాలిపడిన మనిషి, విసెరిస్. అవును, ఆ మంచి నాన్నే.

ముందే చెప్తున్నా, స్పాయిలర్లు ఉంటాయి. నేను చెప్పేది 2018లో వచ్చిన "ఫైర్ అండ్ బ్లడ్" పుస్తకంలోని కథ. షోలో కొన్ని మార్చారు.

సరే, కొంచెం వెనక్కి వెళ్దాం. వెస్టెరోస్‌లో సంవత్సరాలు మొదటి ఏగాన్ దండయాత్ర నుంచి లెక్కపెడతారు. 92వ సంవత్సరానికి రాజు జెహేరిస్. ఆయన పెద్ద కొడుకు ఏమన్ చనిపోయాడు. ఏమన్‌కి ఒక్కతే కూతురు, రెనిస్. రెనీరా కాదు, రెనిస్, షోలో తెల్ల జుట్టు పెద్దావిడ. పెద్ద కొడుకు కూతురు కదా, వారసత్వం ఆమెకి రావాలి. జెహేరిస్ ఆమెని పక్కన పెట్టి రెండో కొడుకు బేలాన్‌కి ఇచ్చాడు. 101లో బేలాన్ కూడా పోయాడు. ముసలి రాజుకి ఏం చెయ్యాలో తోచలేదు. ఈసారి తను నిర్ణయం చెప్పకుండా, హారెన్‌హాల్ కోటలో మహాసభ పెట్టాడు. వెయ్యి మందికి పైగా ప్రభువులు వచ్చారు. చివరికి పోటీ ఇద్దరి మధ్య మిగిలింది. ఒకరు రెనిస్ కొడుకు లేనార్, చిన్న పిల్లాడు. ఇంకొకరు బేలాన్ కొడుకు విసెరిస్. సభ విసెరిస్‌ని ఎంచుకుంది, అదీ భారీ తేడాతో.

ఆ రోజు చాలామంది ప్రభువులు ఏం అర్థం చేసుకుని ఇంటికెళ్లారో తెలుసా? "ఐరన్ థ్రోన్ ఆడవాళ్లకి రాదు. ఆడవాళ్ల ద్వారా వాళ్ల కొడుకులకీ రాదు." విసెరిస్ కూర్చున్న కుర్చీకి ఆధారం ఇదే రూల్. ఇది గుర్తుపెట్టుకోండి.

103లో విసెరిస్ రాజయ్యాడు. 105లో భార్య ఏమా కాన్పులో చనిపోయింది, పుట్టిన మగబిడ్డ కూడా దక్కలేదు. అప్పుడు విసెరిస్ తన ఎనిమిదేళ్ల కూతురు రెనీరాని వారసురాలిగా ప్రకటించి, వందల మంది ప్రభువులతో ఆమె ముందు మోకరిల్లించి ప్రమాణం చేయించాడు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మరుసటి ఏడాదే అలిసెంట్‌ని పెళ్లి చేసుకున్నాడు. 107లో కొడుకు పుట్టాడు, రెండో ఏగాన్.

ఇప్పుడు ఆలోచించండి. 101 నాటి రూల్ కరెక్ట్ అయితే రెనీరా వారసురాలు కాదు, ఏగాన్ వారసుడు. ఆ రూల్ తప్పయితే అసలు విసెరిస్సే రాజు కాకూడదు, ఆ కుర్చీ రెనిస్ వైపు వాళ్లది. "లేదు, రాజు ఎవరి పేరు చెప్తే వాళ్లే" అంటే, మరి తాత మహాసభ ఎందుకు పెట్టినట్టు? ఏ దారిలో వెళ్లినా చిక్కే. కోడ్ రాసేవాళ్లకి ఇది బాగా తెలుసు. ఒకే ఫైల్‌ని ఇద్దరు రెండు రకాలుగా మార్చారు, కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. దాన్ని రిజాల్వ్ చెయ్యకుండా "తర్వాత చూద్దాంలే" అని ల్యాప్‌టాప్ మూసేస్తే ఏమవుతుంది? మన విసెరిస్ చేసింది అదే. 105 నుంచి 129 దాకా, 24 ఏళ్లు.

ఆ 24 ఏళ్లలో కూతురే వారసురాలని నోటితో అంటూనే ఉన్నాడు. చేతల్లో మాత్రం? అలిసెంట్ తండ్రి ఆటో హైటవర్‌ని ఒకసారి పదవి నుంచి తీసేశాడు, మళ్లీ తెచ్చి అదే పదవిలో కూర్చోబెట్టాడు. రెనీరా డ్రాగన్‌స్టోన్‌లో ఉంటే, రాజధానిలో రాజ్యం నడిపేది ఆమెని వద్దనుకునేవాళ్లు. పైగా 105లో ప్రమాణం చేసినవాళ్లలో చాలామంది ఈలోగా చనిపోయారు. వాళ్ల కొడుకులతో మళ్లీ ప్రమాణం చేయించలేదు.

129లో విసెరిస్ చనిపోయాడు. అలిసెంట్ ఆ విషయం బయటికి పొక్కనివ్వలేదు. అర్ధరాత్రి మంత్రివర్గం కూర్చుంది. ఖజానా చూసే ముసలాయన బీస్‌బరీ ఒక్కడే "మనం రెనీరాకి మాటిచ్చాం కదా" అన్నాడు. ఆయన ఆ గది నుంచి స్వేచ్ఛగా బయటికి రాలేదు. చెరసాలలో పడేస్తే జబ్బు చేసి పోయాడని ఒక కథనం, క్రిస్టన్ కోల్ గొంతు కోశాడని ఇంకోటి, కిటికీలోంచి తోసేశాడని మరోటి. ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చేది ఇదే. నవలలా ఉండదు, ఒక చరిత్రకారుడు రాసినట్టు ఉంటుంది. సాక్షులు ముగ్గురూ మూడు రకాలుగా చెప్తారు. ఎవరిని నమ్మాలో మనమే తేల్చుకోవాలి.

తర్వాత బొరాస్ బరాథియన్ సీన్. రెనీరా తన కొడుకు లూకెరిస్‌ని పంపి, మీ నాన్న ఇచ్చిన మాట నిలబెట్టండి అని అడిగించింది. అప్పటికే అక్కడ ఏమండ్ ఉన్నాడు, పెళ్లి సంబంధంతో వచ్చాడు. బొరాస్ ఎటు మొగ్గాడో మీకు తెలుసు. ఇంటికి తిరిగెళ్తున్న ఆ పిల్లాడిని తుఫానులో వేగార్ చంపేసింది. రాయబారాల కాలం అక్కడితో అయిపోయింది.

ఇంతకీ ఇదంతా మార్టిన్ గాల్లోంచి తీసింది కాదు. ఇంగ్లాండ్‌లో నిజంగా జరిగింది. 1120లో వైట్ షిప్ అనే ఓడ మునిగి మొదటి హెన్రీ ఒక్కగానొక్క వారసుడు చనిపోయాడు. 1127లో హెన్రీ తన కూతురు మెటిల్డాకి ప్రభువులతో ప్రమాణం చేయించాడు. 1135లో హెన్రీ పోగానే, ప్రమాణం చేసిన మేనల్లుడు స్టీఫెనే కిరీటం పెట్టుకున్నాడు. 1141లో మెటిల్డా లండన్ దాకా వచ్చి జనాన్ని డబ్బు అడిగింది. జనం తిరగబడ్డారు, పట్టాభిషేకం కాకుండానే పారిపోయింది.

రెనీరా కథ కూడా అక్కడే తిరుగుతుంది. 130లో రాజధాని ఆమె చేతికొచ్చింది. ఖజానా తెరిస్తే ఖాళీ. గ్రీన్స్ ముందే బంగారాన్ని భాగాలు చేసి దూరంగా తరలించేశారు. ఇక పన్నులు మొదలయ్యాయి, మద్యం నుంచి రేవుకొచ్చే సరుకు దాకా. ధరలు పెరిగాయి, భయం పెరిగింది. ఎవరు రాజైతే మాకేంటి, మమ్మల్ని కాల్చేది డ్రాగన్లే కదా అనే కోపం జనంలో పేరుకుంది. ఒంటిచేతి ప్రవక్త ఒకడు ఆ కోపాన్ని రాజేశాడు. ఒక రాత్రి వేల మంది డ్రాగన్‌పిట్ మీద పడ్డారు. గొలుసులతో కట్టేసిన నాలుగు డ్రాగన్లు, బయట రెనీరా సొంత డ్రాగన్ సైరాక్స్, మొత్తం 5 చచ్చాయి. చచ్చిన మనుషులకి లెక్కే లేదు. వాళ్ల పేర్లు ఏ చరిత్రకారుడూ రాయలేదు. వాళ్లెవరూ ఏ మహాసభలోనూ ఓటు వెయ్యలేదు, ఎవరి ముందూ ప్రమాణం చెయ్యలేదు.

రెనీరా పారిపోయింది. ఓడ ఖర్చుకి తలమీద కిరీటం అమ్ముకుంది. డ్రాగన్‌స్టోన్‌లో తమ్ముడి డ్రాగన్ సన్‌ఫైర్‌కి ఆహారమైంది, అదీ కొడుకు కళ్లముందే. 131లో ఏగాన్‌ని సొంత మనుషులే విషం పెట్టి చంపారు. తర్వాత సింహాసనం ఎక్కింది ఎవరు? తల్లి చావు చూసిన ఆ పిల్లాడే, మూడో ఏగాన్. పెళ్లి రెండో ఏగాన్ కూతురితో. ఇంగ్లాండ్‌లో కూడా అంతే, 1154లో రాజయింది మెటిల్డా కొడుకే. చివరికి ఈ రాజీకే రావాల్సి ఉంటే, మధ్యలో అంతమంది ఎందుకు చచ్చారు? 153లో ఆఖరి డ్రాగన్ కూడా పోయింది. టార్గేరియన్ల బలమే డ్రాగన్లు. వాటిని బయటి శత్రువు కన్నా వాళ్ల ఇంటి గొడవే ఎక్కువ మింగింది.

అందుకే నేను విసెరిస్ పేరు చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరినీ బాధపెట్టడం ఇష్టంలేనివాడు. భార్యకి కోపం రాకూడదు, కూతురికీ కోపం రాకూడదు. తాత దారి చూపించే పోయాడు కదా. తను బతికుండగానే ఇంకో మహాసభ పెట్టొచ్చు. రెనీరా గెలిస్తే ఆ ప్రభువుల నోరు మూతపడేది. ఓడితే కూతురు బాధపడేది, కానీ బహుశా బతికుండేది. ఆ బాధ చూడలేక వాయిదా వేశాడు. ఆయన తప్పించుకున్న ఆ ఒక్క గొడవకి రెండేళ్లపాటు రాజ్యమంతా మూల్యం కట్టింది.

ఇప్పుడు మీరు చెప్పండి. విసెరిస్ ప్లేస్‌లో మీరుంటే ఏం చేసేవాళ్లు? మహాసభ పెట్టేవాళ్లా, రెనీరాని పక్కన కూర్చోబెట్టుకుని పాలన నేర్పేవాళ్లా, ఇంకేదైనా? టీమ్ పేరు ఒక్కటే రాసి వదిలేయకండి, కారణం కూడా రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్ మూడో ఏగాన్ మీద. డ్రాగన్ అంటేనే వణికిపోయిన డ్రాగన్ల రాజు కథ. కలుద్దాం, బై.