పాకాల నుండి ఎవరెస్టునకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పర్వతారోహణమును గూర్చి ప్రసంగించెదనని చెప్పినపుడు కార్యవర్గమువారు కొంచెము నవ్విరి. నవ్వవలసిన మాటయే. మన అడవులదీవిలో కాలువగట్టును మించిన మెట్టనేల లేదు. తాటిచెట్టు నెక్కుటయే మన మెరిగిన ఆరోహణము. అయినను నేను చెప్పబోవు బాలికయు మంచుకొండలను చూచి పెరిగినది కాదు.

మలావత్ పూర్ణ 2000వ సంవత్సరము జూన్ 10వ తేదీన నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమున, ఒక లంబాడా కుటుంబమున జన్మించినది. తల్లి లక్ష్మి, తండ్రి దేవీదాసు వ్యవసాయ కూలీలు. బాలిక తాడ్వాయిలోని ప్రభుత్వ సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలో చేరినది. తిండి, వసతి, పుస్తకములు అన్నియు అచటనే. ఆమె కథలో నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచినది ఈ చేరికయే; ఎవరెస్టు తరువాతి మాట.

ఆ గురుకులముల కార్యదర్శిగా నుండిన పోలీసు అధికారి ఆర్. యస్. ప్రవీణ్ కుమార్ పిల్లలకు సాహసక్రీడలు నేర్పింప సంకల్పించిరి. భువనగిరిలో ఊరి నానుకొని ఏకశిలయైన గుట్ట, దానిపై చాళుక్యులనాటి కోట కలవు. ఆ రాతి నెక్కుటతో పూర్ణకు శిక్షణ మొదలైనది. గురువు బాచినేపల్లి శేఖర్ బాబు. పిదప డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థ, సిక్కింలో రెనాక్ శిఖరము, లడఖ్ చలి.

నేపాలువైపు నుండి ఎక్కుటకు 16 ఏండ్లు నిండియుండవలెను. అందుచే టిబెట్టుదారిని పోవలసివచ్చినది. ఆ 2014వ సంవత్సరమే, ఏప్రిల్ 18న, నేపాలువైపున మంచు విరిగిపడి 16 మంది మరణించిరి. ఎనిమిదివేల మీటర్లకు పైని గాలిలో ప్రాణవాయువు మన ఊరి గాలిలో నున్న దానిలో మూడవవంతు మాత్రమే. పదమూడేండ్ల పిల్లను అట్టిచోటికి పంపదగునా యని అడిగినవారున్నారు. న్యాయమైన ప్రశ్నయే, వయోనియమము ఉండవలెననియే నా తలంపు. కాని మన పల్లెలలో ఆ యీడు పిల్లను బడి మాన్పించి పెండ్లిపీటలపై కూర్చుండబెట్టినపుడు ఇంత గట్టిగా ప్రశ్నించినవారిని నేను తక్కువగానే చూచితిని.

2014 మే 25న పూర్ణ శిఖరము చేరినది. అప్పటికామె వయస్సు 13 సంవత్సరముల 11 నెలలు. అంతకు పూర్వము అంత చిన్నవయస్సున ఏ బాలికయు ఎవరెస్టు నెక్కలేదు. ఖమ్మము జిల్లా విద్యార్థి సాధనపల్లి ఆనందకుమార్ కూడ ఆనాడే ఎక్కినాడు. జాతీయ పతాకముతోపాటు అంబేద్కరు చిత్రమును, సంక్షేమశాఖలో పేదలకై పాటుబడిన యస్. ఆర్. శంకరన్ గారి చిత్రమును వారచట నిలిపిరి. రాష్ట్రము విడిపోవుటకు అప్పటికింకను ఎనిమిది దినములున్నవి. కావున ఆ బిడ్డ మనదా, వారిదా యను వాదమున కెడము లేదు.

ఆమె అంతటితో ఆగలేదు. 2016లో కిలిమంజారో, మరుసటి యేట ఎల్‌బ్రస్, 2019లో అకాంకాగువా, కార్‌స్టెంజ్, విన్సన్. 2022 జూన్ 5న డెనాలి. ఇట్లు ఏడు ఖండముల అత్యున్నత శిఖరములును పూర్తియైనవి. ఈమె కథ 2017లో చలనచిత్రముగా వచ్చినది.

ఇక మన సంగతి. ఈ తీరమున యానాది పిల్లలు మడచెట్ల నడుమ, మోకాలిలోతు బురదలో, పీత యే బొరియలో నున్నదో చూడగనే చెప్పుదురు. ఆ ఓర్పును, ఆ కాలిపట్టును గుర్తించి, ఇటు రమ్మని పిలిచినవారెవరు? తలిదండ్రులు పనికై కదలినచో బడి ఆగిపోవును. గురుకులములలో అయిదవ తరగతికి ప్రవేశపరీక్ష కలదని తెలిసిన యిండ్లు తక్కువ. తెలిసినను కులధ్రువపత్రము, దరఖాస్తు అనునవి వారికి ఎవరెస్టుకంటె ఎత్తు.

కార్యవర్గమువారికి నా విన్నపము రెండే. ఆ పిల్లలకు చందా లేకుండ సభ్యత్వ మిండు. పరీక్షల ప్రకటన వెలువడిన నాటినుండి ఈ పఠనమందిరములో ఒక బల్ల దరఖాస్తులకై విడువుడు. వ్రాసిపెట్టుటకు ఆదివారములందు నేను వచ్చి కూర్చుండెదను. రెండవ మనిషి కావలెను. సభ ముగిసిన పిమ్మట ఎవరైన నాతో చెప్పగోరెదను.